ట్రాక్ హ్యాచ్‌బ్యాక్ డైరీ: బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చి, పెడల్ గట్టిపడేదాకా

బండి వివరం

1.2 లీటర్ల టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, ఏబీఎస్. ముందు వెంటిలేటెడ్ డిస్కులు, వెనుక డ్రమ్ములు. క్లచ్ కూడా హైడ్రాలిక్కే, దానికీ బ్రేక్ ఆయిల్ డబ్బాలోంచే ఆయిల్ వెళుతుంది. డ్రైవరుతో కలిపి బరువు 1,250 కిలోలు. మామూలు రోజుల్లో విజయవాడ రోడ్ల మీద, రెండు మూడు నెలలకోసారి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ మీద తిరుగుతుంది.

గత ట్రాక్ డే నోట్: రెండో సెషన్, ఆరో ల్యాప్‌లో పెడల్ సగానికి పైగా దిగాక గానీ పట్టు రాలేదు. వెంటనే రెండుసార్లు కొడితే పైకి వచ్చింది. ప్యాడ్ కాలిన వాసన లేదు. గంట చల్లారాక పెడల్ కొంత కోలుకుంది కానీ ఉదయం ఉన్న గట్టిదనం రాలేదు.

ఈ నాలుగు వాక్యాల్లోనే జబ్బు పేరు ఉంది. ట్రాక్ మీద బ్రేక్ తగ్గిందంటే మూడు కారణాలుంటాయి, మూడింటికీ కాలి కింద తేడా తెలుస్తుంది. పెడల్ రాయిలా గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ వేడికి పట్టు వదిలేసింది, ఆయిల్‌ది తప్పు కాదు. ట్రాక్ అంచు గట్టు (కెర్బ్) ఎక్కి దిగాక మొదటి నొక్కు మాత్రమే లోతుగా పోయి రెండోది మామూలుగా ఉంటే, డిస్కు అటూఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి తోసింది. అప్పుడు వీల్ బేరింగ్ వదులైందేమో చూడాలి. ల్యాప్ ల్యాప్‌కీ పెడల్ లోతు పెరుగుతూ, మెత్తగా సాగినట్టుంటే, డిస్కుని ప్యాడ్లతో పట్టే కాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి పుట్టింది. ద్రవం ఒత్తిడికి కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. కాలి బలమంతా బుడగల్ని నొక్కడానికే పోతుంది, ప్యాడ్లను తోసే పిస్టన్ దాకా చేరేది తక్కువ. మన నోట్ మూడో రకం.

మరగడానికి ఎంత వేడి కావాలో ఒక లెక్క. 1,250 కిలోల బండి గంటకు 160 నుంచి 70 కి.మీ.కి దిగితే పోగొట్టుకునే శక్తి దాదాపు 1,000 కిలోజౌళ్లు. 30 డిగ్రీల నీళ్లు మూడు లీటర్లకు పైగా తెర్లడానికి సరిపోయే వేడి అది. ఒకే ఒక్క బ్రేకింగ్‌లో, మూడు నాలుగు సెకన్లలో, అందులో చాలా భాగం ముందు రెండు డిస్కుల మీద పడుతుంది. ఇలాంటివి ల్యాప్‌కి రెండు మూడు ఉంటాయి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో అయితే మూడో మలుపు దాటాక కిలోమీటరుకు మించిన స్ట్రెయిట్ చివర నాలుగో మలుపు ఉంది, అక్కడ ఇంకా ఎక్కువ.

రోజు 1. ఓడోమీటర్ 61,340. పాత ఆయిల్, పాత రబ్బరు

డబ్బా మూత తీయకముందే చుట్టూ తుడిచాం. మూత అంచున పేరుకున్న ఇసుక ఒక్క రేణువు లోపల పడినా, పెడల్ నొక్కుని ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ సీలు మీద గీత పడుతుంది.

లోపలి ఆయిల్ పల్చటి డికాక్షన్ రంగులో ఉంది. కొత్తది లేత తేనె రంగులో, అడుగు కనిపించేలా ఉంటుంది. రంగు చూసి తేమ ఎంత చేరిందో చెప్పలేం, కానీ రబ్బరు అరుగుదల, లోహపు మురికి కలిశాయని చెప్పొచ్చు. తేమ చూసే పెన్ను లాంటి పరికరం పెడితే పసుపు లైటు వెలిగింది. ఆ పెన్ను ఆయిల్ కరెంటుని ఎంత పారనిస్తుందో కొలిచి తేమను ఊహిస్తుంది. ఒక్కో ఆయిల్ తయారీకి అది మారుతుంది. పైగా డబ్బాలో ముంచితే కాలిపర్‌లో సంగతి తెలియదు. చిన్న శాంపిల్‌ని నిజంగా మరిగించి చూపే పరికరం ఉంటే దాని అంకె నమ్మొచ్చు. అది లేనప్పుడు క్యాలెండర్‌ని నమ్మడమే మేలు. ఈ ఆయిల్ పోసి 19 నెలలయింది.

మూత కింది రబ్బరు డయాఫ్రమ్‌ని వేళ్లతో సాగదీసి చూశాం. మడత సరిగా కూర్చుంది, ఉబ్బలేదు. ఇది తప్పక చేయాల్సిన పరీక్ష. ఇంజన్ ఆయిల్ పోసిన గరాటుతోనే బ్రేక్ ఆయిల్ పోయడం గ్యారేజీల్లో చూస్తూనే ఉంటాం. బ్రేకు సీళ్లు ఈపీడీఎం అనే రకం రబ్బరువి, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతాయి. అందులో ముందు దొరికిపోయేది ఈ డయాఫ్రమే, మూతలో పట్టనంతగా పెరిగిపోతుంది. అది ఉబ్బితే ఆయిల్ మార్పుతో సరిపోదు. మాస్టర్ సిలిండర్, కాలిపర్ సీళ్లు, వీల్ సిలిండర్లు, హోస్‌లు అన్నీ మార్చాల్సిందే. అందుకే బ్రేక్ పనికి గరాటు, సిరంజి, గుడ్డ వేరుగా పెట్టుకోవాలి.

ముందు ప్యాడ్లు 5 మి.మీ. మిగిలాయి. రోడ్డుకి ఇంకా చాలా దూరం వస్తాయి, ట్రాక్‌కి చాలవు. ప్యాడ్ మందమే డిస్కు వేడికీ పిస్టన్‌కీ మధ్య ఉన్న దుప్పటి. అది పల్చబడేకొద్దీ వేడి నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. సగం అరిగిన ప్యాడ్‌తో ట్రాక్ ఎక్కి ఆయిల్‌ని తప్పుపట్టడం సరికాదు. కొత్త ప్యాడ్ల సెట్టు తెప్పించాం.

రోజు 2. ఏ ఆయిల్, ఎంత

బ్రేక్ ఆయిల్ గ్రేడుని చెప్పే డాట్ అంకెలు మరుగు స్థానానికి కనీస హద్దులు మాత్రమే. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తేమ చేరాక 140 దగ్గర మరగాలి. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. రెండో అంకె 3.7 శాతం నీరు కలిసిన స్థితికి. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో వేసేది మొదటి అంకె, మనకు కావాల్సింది రెండోది. గ్లైకాల్ ఆయిల్ (మామూలు బ్రేక్ ఆయిళ్ల రకం) వానాకాలంలో మూత తెరిచిన ఉప్పు డబ్బా లాంటిది. హోస్ రబ్బరు లోంచి, సీళ్ల పక్కనుంచి, డబ్బా మూత గాలి రంధ్రం లోంచి చెమ్మ లాగుతూనే ఉంటుంది. మూత బిగించి ఉన్నా ఆగదు. విజయవాడ, విశాఖ, చెన్నై గాలిలో ఏడాది పొడవునా ఆ చెమ్మకి కొదవ లేదు.

బాటిళ్ల మీది అంకెలు ఇలా ఉన్నాయి. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600: పొడిగా (కొత్తగా) 312, తడిగా (నీరు చేరాక) 205. ఆర్‌బీఎఫ్ 660: 325, 204. ఆటే టైప్ 200: 280, 198. కాస్ట్రోల్ ఎస్ఆర్ఎఫ్: 320, 270. 660కి ఎక్కువ డబ్బు పెడితే వచ్చేది పొడి అంకెలో 13 డిగ్రీలు, తడి అంకె 600తో దాదాపు సమానం. ప్రతి రేసుకీ ఆయిల్ మార్చేవాళ్లకి అది ఉపయోగం. నెలల తరబడి ఒకే ఆయిల్‌తో తిరిగే ఈ బండికి 600 చాలు. ఎస్ఆర్ఎఫ్ తడి అంకె వేరే స్థాయిలో ఉంది, ధర కూడా అలాగే ఉంటుంది. ఈ బరువుకీ ఈ వేగానికీ అంత అవసరం కనిపించలేదు.

ఇక డాట్ 5. పేరు చూసి 5.1కి తమ్ముడు అనుకునేవాళ్లు చాలామంది. డాట్ 5 సిలికోన్, గ్లైకాల్‌తో కలవదు, ఏబీఎస్ బండ్లకి పనికిరాదు. ఈ పనిలో దాని జోలికి పోవద్దు. డాట్ 3, 4, 5.1 మూడూ గ్లైకాల్ కుటుంబమే, ఒకదానితో ఒకటి కలుస్తాయి. కలిపితే వచ్చే మరుగు స్థానం మాత్రం తక్కువదాని వైపు జారుతుంది.

కొన్నది 500 మి.లీ. బాటిళ్లు మూడు. పనికి రెండు బాటిళ్ల దాకా పడుతుంది. మూడోదాన్ని వీలైతే సీలు తీయకుండా ట్రాక్‌కి తీసుకెళ్లాలి. లీటరు డబ్బా చౌక అనిపిస్తుంది గానీ సగం మిగిల్చి అటక మీద పెడితే మరుసటి పనికి అది తడి ఆయిలే.

ఒకప్పుడు ఆటే కంపెనీ ఈ టైప్ 200 ఆయిల్‌ని నీలం రంగులో కూడా అమ్మేది. ఒకసారి నీలం, ఒకసారి బంగారు రంగు పోస్తే పైపులో రంగు మారగానే పాతది అయిపోయిందని కళ్లతోనే తెలిసేది. అమెరికా నిబంధన గ్లైకాల్ ఆయిల్ రంగులేకుండా గానీ తేనె రంగులో గానీ ఉండాలంటుంది కాబట్టి నీలం అక్కడ పోయింది. చాలా మంచి సౌకర్యం పోయిందని ఈ పని చేసే ఎవరైనా అంటారు.

రోజు 3. నిపుళ్లు విప్పడం

ఫ్లష్ (పాత ఆయిల్ తీసి కొత్తది నింపే) రోజున నిపుల్ (చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) మొండికేస్తే పని మధ్యలో బండి స్టాండ్ల మీదే ఉండిపోతుంది. అందుకే ఒకరోజు ముందే నాలుగూ కదిలించి చూశాం. ఈ బండికి ముందు 11, వెనుక 8 మి.మీ. మీ బండికి వేరుగా ఉండొచ్చు. ఆరు పలకల రింగ్ పానానో సాకెట్టో వాడాలి. ఓపెన్ పానాతో గానీ, పన్నెండు పలకల పాత రింగుతో గానీ మొదటి పట్టు పట్టొద్దు. నిపుల్ మెత్తటి లోహం, లోపల బోలు. మూలలు ఒక్కసారి గుండ్రబడితే ఇక పట్టు దొరకదు.

మూడు తేలిగ్గా కదిలాయి. వెనుక కుడిది కదల్లేదు. దాని రబ్బరు టోపీ ఎప్పుడో ఊడిపోయి, రంధ్రం నిండా ఎర్రమట్టి. ముందు సన్నటి తీగతో మట్టి తీసి, వైర్ బ్రష్‌తో మర చుట్టూ గీకి, తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు మర మొదట్లో వేసి రాత్రంతా వదిలేశాం. ఆ నూనె రంధ్రంలోకి పోకూడదు, అదీ పెట్రోలియం సరుకే. పొద్దున చిన్న సుత్తితో నిపుల్ తల మీద నిటారుగా నాలుగైదు దెబ్బలు, తేలిగ్గా. తర్వాత విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పాం. చిన్న టిక్కుమన్న చప్పుడు వచ్చింది. తుప్పు పట్టు విడిచిన చప్పుడది, చేతికి కూడా తెలుస్తుంది. అప్పుడు విప్పే వైపు తిప్పితే వచ్చింది. టిక్కు లేకుండా జిగురు సాగినట్టు మెలి తిరిగితే అక్కడే ఆగాలి, నిపుల్ విరగబోతోందని అర్థం. విరిగితే డ్రమ్ము వైపు వీల్ సిలిండర్ కొత్తది వేయడమే చవక.

నాలుగింటికీ కొత్త టోపీలు తొడిగాం. టేపు, గ్రీజు ఏదీ మరలకు పెట్టలేదు. నిపుల్ సీలయ్యేది మరతో కాదు, కొనలోని శంకువు ఆకారంతో. ఆ కొన మీద టేపు పడితే కారుతుంది.

రోజు 4. ఫ్లష్

బండి సమతలం మీద, నాలుగు జాకీ స్టాండ్ల మీద, చక్రాలన్నీ ఊడదీసి. పక్కన నీళ్ల బకెట్టు, తడిగుడ్డ. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే తుడిస్తే చాలదు, వెంటనే నీళ్లతో కడగాలి. చేతులకు నైట్రైల్ గ్లోవ్స్, కళ్లకు అద్దాలు.

ముందు కొత్త ప్యాడ్లు. పిస్టన్‌ని వెనక్కి తోసేటప్పుడు నిపుల్ తెరిచి, ట్యూబు పెట్టి, అక్కడి పాత ఆయిల్‌ని బయటికే పంపాం. మూసి తోస్తే కాలిపర్‌లో మరిగి నల్లబడిన ఆయిల్ ఏబీఎస్ బ్లాకు గుండా వెనక్కి ఎక్కుతుంది, పైన డబ్బా పొంగి పెయింట్ మీద పడుతుంది. ఒక్కో వైపు 20 మి.లీ. దాకా వచ్చింది, గాజు సీసాలో చూస్తే డబ్బాలోని దానికంటే బాగా ముదురు రంగు.

తర్వాత డబ్బాలో పాతది సిరంజితో లాగాం, 180 మి.లీ. అడుగున రంధ్రాలు కనిపించకుండా వేలిమందం వదిలేశాం. రంధ్రం గాలి పీలిస్తే పని రెట్టింపవుతుంది. తర్వాత పై గీత దాకా కొత్త ఆయిల్.

వరుస సంగతి. ఇంటర్నెట్‌లో ఎక్కువ చోట్ల వెనుక కుడితో మొదలుపెట్టమంటారు. అది ఎడమ స్టీరింగ్ ఉన్న దేశాల మాట. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరికి రావాలన్నది సూత్రం. మన బండ్లలో స్టీరింగు, మాస్టర్ సిలిండరు కుడివైపు ఉంటాయి కాబట్టి దూరపుది వెనుక ఎడమ. కంపెనీ మాన్యువల్ వేరే వరుస చెబితే దాన్నే పాటించాలి. మేం చేసింది వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి, చివర క్లచ్.

పద్ధతి ఇద్దరితో. పెడల్ కింద చెక్కముక్క పెట్టాం, పెడల్ నేలదాకా పోకుండా. రోజువారీ నడకలో మాస్టర్ సిలిండర్ సీళ్లు సిలిండర్ మొదటి సగంలోనే తిరుగుతాయి. రెండో సగంలో మురికి, సన్న తుప్పు చేరి ఉంటాయి. పాత బండిలో పెడల్‌ని నేలకు తొక్కితే సీలు అంచు ఆ గరుకు మీద రాసుకుని తెగుతుంది. ఫ్లష్ చేశాక పెడల్ మెల్లగా దిగిపోతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

నిపుల్‌కి పారదర్శకమైన ట్యూబు, రెండో కొస సీసాలో కొత్త ఆయిల్ ఒక అంగుళం పోసి అందులో మునిగేలా. ట్యూబు ముందు పైకి లేచి తర్వాత కిందికి దిగాలి, బుడగ వెనక్కి పోకుండా.

లోపల కూర్చున్నవాడూ చక్రం దగ్గరివాడూ మాట తప్పకూడదు.

"నొక్కు."
"నొక్కా, పట్టుకున్నా."

నిపుల్ పావు చుట్టు విప్పు. పెడల్ చెక్క దాకా దిగుతుంది.

"దిగింది అన్నా."
"అలాగే పట్టుకో... బిగించా. ఇప్పుడు వదులు."

బిగించా అన్న మాట వినకుండా కాలు తీస్తే ఆ నొక్కులో పోయిందంతా గాలిగా వెనక్కి వస్తుంది. పెడల్‌ని దడదడ కొట్టకూడదు. మెల్లగా నొక్కి, మెల్లగా వదలాలి. వేగంగా కొడితే ఉన్న చిన్న బుడగలు నురగై, పైపుల గోడలకు అంటుకుని రోజంతా బయటికి రావు.

ఒక్కో నొక్కుకి వచ్చేది 5 మి.లీ. అటూఇటూ. వెనుక ఎడమకి 250 మి.లీ. తీశాం, అంటే యాభై నొక్కులు. ప్రతి పన్నెండు నొక్కులకీ ఆపి డబ్బా నింపాం. ఓపిక పోయేది ఇక్కడే, డబ్బా ఖాళీ అయ్యేదీ ఇక్కడే. మొదటి పది నొక్కులకి డికాక్షన్, తర్వాత టీ రంగు, ముప్పై దాటాక తేనె రంగు. రంగు మారిన చోట ఆపకుండా ఇంకో పది నొక్కులు లాగాం, పైపు గోడల పక్కన పాతది నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి. వెనుక కుడికి 200, ముందు రెండింటికీ 150 చొప్పున. ముందు కాలిపర్ల మీద చెక్క సుత్తితో తట్టుతూ చేస్తే, మూలల్లో దాక్కున్న బుడగలు నిపుల్ దాకా లేస్తాయి. ముందు ఎడమలో చివరికి గుండుసూది తలంత బుడగలు మూడు వరసగా వచ్చాయి, ఆ తర్వాత ఇరవై నొక్కులకి ఒక్కటీ లేదు.

క్లచ్‌కి 100 మి.లీ. క్లచ్ పైపు డబ్బాకి కాస్త ఎత్తులో కలుస్తుంది, ఆయిల్ తగ్గితే ముందు క్లచ్ పోయి బ్రేకుకి కొంత మిగలాలని. అందుకే డబ్బా కిందికి దిగితే బ్రేకుకి ఏమీ కాకపోయినా క్లచ్ గాలి పీలుస్తుంది. బ్లీడ్ చేసేటప్పుడు (గాలి, పాత ఆయిల్ బయటికి తీసేటప్పుడు) క్లచ్ పెడల్ నేలకు అతుక్కుంది. అది మామూలే, చేత్తో పైకి లాగితే చాలు.

వాక్యూమ్ పంపుతో ఒక్కడే చేసుకోవచ్చు. అయితే నిపుల్ వదులైనప్పుడు మర పక్కనుంచి బయటి గాలి లోపలికి లాగుతుంది. ట్యూబులో బుడగలు ఆగవు, కాలిపర్‌లో గాలి లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. మూత మీద బిగించి 1 బార్ ఒత్తిడి ఇచ్చే పరికరం ఉంటే ఒంటరి పనికి అదే మేలు. దాన్ని కూడా ఆయిల్ పోయకముందు ఖాళీగా పంపు కొట్టి ఐదు నిమిషాలు ముల్లు నిలబడుతుందో లేదో చూడాలి. మూత సరిగా పట్టకపోతే ఇంజన్ బే అంతా ఆయిల్ స్నానమే.

మొత్తం బయటికి వచ్చింది, డబ్బాలోదీ పిస్టన్ల దగ్గరదీ కలిపి, 1,070 మి.లీ. మూడో బాటిల్ సీలు తీయక తప్పలేదు. ట్రాక్‌కి కొత్తది ఇంకొకటి కొనాలి. నిపుళ్లు 10 న్యూటన్ మీటర్లకు మించకుండా బిగించాం. చుట్టూ బ్రేక్ క్లీనర్ కొట్టి ఆరాక టిష్యూ కాగితం చుట్టి, పెడల్‌ని ఒక నిమిషం బలంగా నొక్కి పట్టాం. నాలుగు కాగితాలూ పొడిగానే ఉన్నాయి.

రోజు 5. పెడల్ ఇంకా లోతు

గట్టిగా ఉంది, కానీ దిగే దూరం ఎక్కువ. ఇలాంటప్పుడు అందరూ గాలి ఉండిపోయిందని మళ్లీ అరలీటరు ఒలకబోస్తారు. ముందు తేడా చూడాలి. గాలి ఉంటే పెడల్ మెత్తగా సాగుతుంది, రెండు మూడుసార్లు కొడితే ఎత్తు పెరుగుతుంది. దూరం ఎక్కువై అడుగున గట్టిగా తగిలితే గాలి కాదు. పెడల్ నొక్కిపట్టి ఉండగా మెల్లగా కిందికి జారితే బయట కారుతోంది, లేదా మాస్టర్ సీలు లోపల్లోపలే వదిలేస్తోంది.

హ్యాండ్‌బ్రేక్ మూడు క్లిక్కులు లాగి పెడల్ నొక్కితే వెంటనే రెండు వేళ్లెత్తు పైకి వచ్చింది. అంటే వెనుక షూలు (డ్రమ్ము లోపల రాసుకుని ఆపే పట్టీలు) డ్రమ్ముకి దూరంగా ఉన్నాయి, ఆ దూరం నింపడానికే ఆయిల్ ఖర్చవుతోంది. డ్రమ్ములు తీసి చూస్తే కుడివైపు ఆ దూరాన్ని సరిచేసే ఆటో అడ్జస్టర్ దుమ్ముతో బిగుసుకుపోయింది. శుభ్రం చేసి, మర మీద వేడికి తట్టుకునే గ్రీజు బియ్యపు గింజంత రాసి, డ్రమ్ము తిప్పితే షూ సన్నగా రాసుకునే చప్పుడు వచ్చేదాకా అడ్జస్ట్ చేశాం. పెడల్ సరైన ఎత్తుకి వచ్చింది. ఒక్క చుక్క ఆయిల్ ఖర్చు కాలేదు. వెనుక డ్రమ్ములున్న బండికి బ్లీడింగ్ కంటే ముందు చేయాల్సిన పని ఇది, వరుస తప్పాం.

అదే రోజు ఏబీఎస్ బ్లాకు. మామూలు బ్లీడింగులో దాని లోపలి మూసిన వాల్వులు, పంపు గదుల్లోని ఆయిల్ కదలదు. బండికి తగిన స్కానర్‌లో బ్లీడింగ్ ఫంక్షన్ ఉంటే అది వాల్వుల్ని తెరిచి మూసి పంపు తిప్పుతుంది. బ్లాకులోకి గాలి పోయిందని అనుమానం ఉంటే ఇదొక్కటే దారి. మనకు గాలి పోలేదు, పాత ఆయిల్ తీస్తే చాలు. ఎవరూ లేని మట్టిదారి మీద గంటకు 30 కి.మీ. వేగంలో ఆరుసార్లు ఏబీఎస్ దడదడలాడేదాకా తొక్కి, వచ్చి నాలుగు చక్రాల దగ్గరా 30 మి.లీ. చొప్పున తీశాం. ముందు కుడిలో మొదటి కొన్ని నొక్కులకి మళ్లీ టీ రంగు కనిపించింది. బ్లాకులో దాక్కున్నది అదే.

రోజు 6. ఇరుంగట్టుకోట్టై

కాలిపర్ల మీద వేడి చూపే పట్టీలు అతికించాం. వేడి ఒక అంకె దాటితే ఆ గీత నల్లబడి అలాగే ఉండిపోతుంది. కొత్త ప్యాడ్లు ముందే రోడ్డు మీద బెడ్డింగ్ (డిస్కుకి పట్టేలా బ్రేకులు వేస్తూ సర్దడం) అయ్యాయి. పదిహేను నిమిషాల సెషన్లు నాలుగు.

ప్రతి సెషన్ చివరి ల్యాప్ బ్రేకు దాదాపు ముట్టకుండా నడపాలి. పెడల్ మెత్తబడేది చాలాసార్లు పిట్‌లో ఆగాకే. బండి కదులుతున్నంతసేపూ గాలి డిస్కుని చల్లారుస్తుంది. ఆగగానే డిస్కులోని వేడంతా ప్యాడ్, పిస్టన్ గుండా ఆయిల్‌లోకి దిగుతుంది. ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, వేడి డ్రమ్ముకి షూలు అతుక్కుంటాయి. గేరులో పెట్టి చక్రాలకు చెక్క అడ్డం పెట్టాలి. పెడల్ మీద కాలు కూడా ఉంచొద్దు.

నాలుగో సెషన్ తర్వాత ముందు ఎడమ పట్టీలో 199 డిగ్రీల గీత నల్లబడింది, 204 గీత తెల్లగానే ఉంది. పెడల్ ఎత్తులో తేడా లేదు. పట్టీ కొలిచేది కాలిపర్ పైపొర వేడి, పిస్టన్ వెనుక ఆయిల్ అంతకంటే వేడిగా ఉండొచ్చని గుర్తుంచుకోవాలి. ఈ 199ని రోజు 2 అంకెల పక్కన పెడితే ఆరో ల్యాప్‌లో ఏం జరిగిందో అర్థమవుతుంది. 19 నెలల మామూలు డాట్ 4 తడి హద్దు 155 వైపు జారి ఉంటుంది, మరగకుండా ఎలా ఉంటుంది? కొత్త డాట్ 4 పోసినా 230కీ 199కీ మధ్య మిగిలేది 31 డిగ్రీలు, అదీ సీలు తీసిన మొదటి రోజుల్లో. ఇప్పుడున్న ఆయిల్ పూర్తిగా తడిసినా 205 దగ్గర నిలవాలి. కానీ ఆ 6 డిగ్రీల తేడా మీద ప్రాణం పెట్టలేం, కాబట్టి అక్కడిదాకా రానివ్వకూడదు.

సాయంత్రం బయల్దేరే ముందు చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక, కొత్త బాటిల్ సీలు తీసి ముందు రెండు కాలిపర్ల నుంచి 40 మి.లీ. చొప్పున తీశాం. ఎక్కువ వేడి చూసింది ఆ కాస్త ఆయిలే. ఒకే ఒక్క చిన్న బుడగ వచ్చింది. ట్రాక్ నుంచి విజయవాడకి సుమారు 450 కి.మీ. రాత్రి హైవే. సూళ్లూరుపేట, నాయుడుపేట దాటుతున్నప్పుడు ముందు లారీ ఒక్కసారిగా ఆగితే, పెడల్‌లో ఆవిరి బుడగ ఉందో లేదో అప్పుడు తెలుసుకోకూడదు. ఎంత అలసటగా ఉన్నా ఈ ఇరవై నిమిషాల పని చేశాకే గేటు దాటాలి.

ఇక మీదట

ప్రతి ట్రాక్ డే తర్వాత ముందు కాలిపర్లు 40 మి.లీ. చొప్పున. ప్రతి మూడో ట్రాక్ డేకి, లేదా ఆరు నెలలకి, ఏది ముందైతే అప్పుడు మొత్తం ఫ్లష్. బండి ట్రాక్ ఎక్కకపోయినా వానాకాలం అయ్యాక ఒకసారి. డబ్బా మూత మీద తేదీ రాసిన టేపు అతికించాం.

ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం తగ్గడం మామూలే, ఆ ఆయిల్ పిస్టన్ వెనక్కి వెళ్లింది. కింది గీత దాటనంతవరకు పోయకూడదు. పోసి నింపితే కొత్త ప్యాడ్లు వేసిన రోజున పొంగుతుంది. ప్యాడ్లు అరగకుండా మట్టం తగ్గితే మాత్రం ఎక్కడో కారుతోంది. నాలుగు చక్రాల లోపలి వైపు, పెడల్ వెనుక కార్పెట్ కింద, గేర్‌బాక్సు దగ్గర క్లచ్ స్లేవ్ సిలిండర్ కింద చూడాలి.

పాత ఆయిల్ 1,270 మి.లీ. మూత గట్టిగా ఉన్న సీసాలో, పేరు రాసి పక్కన పెట్టాం. కాలువలో పోయకూడదు, పాత ఇంజన్ ఆయిల్‌లోనూ కలపకూడదు. కలిపితే రెండూ రీసైక్లింగుకి పనికిరావు. విడిగా తీసుకునే చోటికి ఇవ్వాలి.

మిగిలిన పని: ముందు హోస్‌ల మీద బ్రాకెట్ దగ్గర వంగే చోట సన్నటి పగుళ్లు మొదలయ్యాయి. స్టీల్ జల్లెడ అల్లిన హోస్‌లు రెండు, బాంజో బోల్టుకి (హోస్ కొసని బిగించే బోలు బోల్టు) రెండేసి చొప్పున కొత్త రాగి వాషర్లు నాలుగు, ఆర్డరు పెట్టాం. వచ్చే ఫ్లష్ అప్పుడే అవి ఎక్కుతాయి, హోస్ మారిస్తే ఎలాగూ ముందు చక్రాలు బ్లీడ్ చేయాలి కాబట్టి. దానికోసం కొన్న బాటిల్ నంబరు 5, సీలుతో ఉంది.